అమ్మాయి తిండి మానేసింది, హైదరాబాద్‌లో ఎవరి దగ్గరకు వెళ్లాలి?

మల్కాజిగిరి నుంచి అడిగిన అమ్మగారికి రాస్తున్న సమాధానం ఇది. మిగతావారికి కూడా అర్థం కావాలని ఆవిడ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. అమ్మాయికి 19 ఏళ్లు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. నిరుడు స్కానింగ్ చేసి పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉందని, బరువు తగ్గాలని చెప్పారు. ముందు రాత్రి అన్నం మానేసింది, తర్వాత నూనె, ఆ తర్వాత చపాతీ. ఇప్పుడు పండ్ల ముక్కలు, మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లేదు. ఇంటికి వచ్చినప్పుడు బతిమాలి తినిపిస్తే వెంటనే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుంటోంది. నాలుగు నెలలుగా నెలసరి లేదు. అడిగితే కడుపు ఉబ్బరం, గ్యాస్ అంటోంది. ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. తండ్రి మొండితనమంటున్నారు, నాయనమ్మ దిష్టి తగిలిందంటున్నారు. ఎక్కడికి తీసుకెళ్లాలి, తెలుగులో మాట్లాడేవారు ఎవరున్నారు, పెళ్లి కావలసిన పిల్ల కాబట్టి నలుగురి నోళ్లలో పడకుండా ఎలా అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, నేను డైటీషియన్‌ని. ఈ నగరంలోని ఆసుపత్రుల్లో సైకియాట్రిస్టులతో కలిసి ఏళ్ల తరబడి ఇలాంటి పిల్లలను చూస్తూ వస్తున్నాను. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఈటింగ్ డిజార్డర్, అంటే తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బు అనే అనుమానం నాకు బలంగా ఉంది. అందులోనూ తిండిని ప్రమాదకరంగా తగ్గించుకునే అనొరెక్సియా నెర్వోసా లక్షణాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. నిర్ధారించవలసింది మాత్రం పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన డాక్టరే. మానసిక వ్యాధులన్నిటిలోనూ మరణాల రేటు ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చూద్దాం, దసరా సెలవుల్లో చూద్దాం అని వాయిదా వేయకూడదని చెబుతున్నాను. తొందరగా మొదలుపెడితే పూర్తిగా కోలుకోగల జబ్బు ఇది. కోలుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవారిని, తల్లులైనవారిని నేను చూశాను.

ఈటింగ్ డిజార్డర్ క్లినిక్ అని బోర్డు పెట్టిన చోటు కోసం వెతుకుతూ వారాలు పోగొట్టుకోకండి. మీకు కావలసింది ముగ్గురు: ఒంటిని చూసే ఫిజీషియన్, మనసును చూసే సైకియాట్రిస్టు లేదా క్లినికల్ సైకాలజిస్టు, తిండి సంగతి చూసే డైటీషియన్. ఒకే కప్పు కింద దొరికితే మంచిదే, దొరక్కపోతే ముగ్గురినీ మనమే కలుపుకోవాలి. నాలుగో మనిషి మీరు. వాళ్లు వారానికి ఒక గంట చూస్తారు, మిగతా పూటలన్నీ మీ వంటింట్లోనే గడుస్తాయి కాబట్టి ఈ వైద్యంలో ఎక్కువ భాగం మీ చేతుల మీదుగానే జరుగుతుంది.

మొదట ఫిజీషియన్ దగ్గరకు, అదీ ఈ వారంలోనే వెళ్లండి. అక్కడ నీరసంగా ఉందని మాత్రం చెప్పకండి. అలా చెబితే బలం మందు రాసి పంపేస్తారు. ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి: ఎన్నాళ్లుగా తిండి తగ్గించింది, ఎంత బరువు తగ్గింది, నెలసరి ఎప్పుడు ఆగింది, వాంతి చేసుకుంటోందన్న అనుమానం ఉంది, కళ్లు తిరిగి పడిందా, విరేచనాల మాత్రలు గానీ బరువు తగ్గించే మందులు గానీ వాడుతోందా. పిల్ల ముందు ఇవన్నీ చెప్పలేకపోతే ఆ కాగితాన్ని ముందే నర్సు చేతికి ఇవ్వండి. ఈసీజీ, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్, షుగర్, రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు చేయించమని అడగండి. టీబీ, పేగుల జబ్బులు, మధుమేహం వంటివి కూడా మనిషిని ఇలాగే చిక్కిపోయేలా చేస్తాయి. అవి లేవని డాక్టరు తేల్చుకోవాలి. మన దగ్గర మామూలు ల్యాబ్ ప్యాకేజీల్లో ఫాస్ఫరస్, మెగ్నీషియం తరచుగా ఉండవు, వాటిని విడిగా రాయించుకోండి.

రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చేయకండి. ఒంట్లో నిల్వలు తరిగిపోతున్నా రక్తంలో అంకెలను శరీరం చాలాకాలం నిలబెట్టుకుంటుంది. ప్రమాదకరమైన స్థితిలో ఉన్న పిల్లలకు కూడా రక్తపరీక్షలు మామూలుగా రావడం నేను చూస్తూనే ఉన్నాను.

నాడి అంత తేలికగా దాచదు. దాన్ని మీరే ఇంట్లో చూడవచ్చు. అమ్మాయిని ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలి వైపు మణికట్టు మీద మీ రెండు వేళ్లు ఆనించి, గోడ గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. తర్వాత లేచి నిలబడమని, రెండు నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ తేదీతో సహా నోటుబుక్కులో రాయండి. మెలకువగా ఉన్నప్పుడు నాడి 50 కన్నా తక్కువ ఉన్నా, నిలబడగానే బాగా పెరిగిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. స్పృహ తప్పడం, గుండె దడ, ఛాతీ నొప్పి, వాంతిలో రక్తం, మంచినీళ్లు కూడా తాగకపోవడం, మాట తడబడటం, చచ్చిపోతానన్న మాట, వీటిలో ఏది కనిపించినా ఓపీ సమయం కోసం ఎదురుచూడకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి. మన వీధుల్లో నీరసం అనగానే గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేస్తారు. చాలాకాలం దాదాపు పస్తులున్న ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజ్ వెళ్తే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం హఠాత్తుగా పడిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే లవణాలు చూడకుండా, థయామిన్ అనే బి1 విటమిన్ గురించి ఆలోచించకుండా సందు చివరి క్లినిక్‌లో సీసా ఎక్కించనివ్వకండి. మొదటి రోజుల్లో ఎంత పెట్టాలి, ఎంత వేగంగా పెంచాలి అన్నది డాక్టరు, డైటీషియన్ కలిసి చెప్పాలి. బాగా చిక్కిన పిల్ల అయితే ఆ మొదటి రోజులు ఆసుపత్రిలో గడవడమే క్షేమం.

ఇక చోటు సంగతి. డబ్బు గురించి మీరేమీ రాయలేదు కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రులతో మొదలుపెడతాను. మీకు దగ్గర్లోనే గాంధీ ఆసుపత్రి ఉంది. అక్కడ జనరల్ మెడిసిన్, సైకియాట్రీ రెండూ ఉన్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, పంజాగుట్టలో నిమ్స్ కూడా ఉన్నాయి. మీ వారికి ఈఎస్ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఈఎస్ఐ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఘట్‌కేసర్ దాటి ఉండేవారికి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. చదువుతున్నవారిలో చిన్న వయసు పిల్లల తల్లిదండ్రులు ఉంటే రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్‌తో మొదలుపెట్టవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు ఎత్తగానే మన ఊళ్లో మొహం మాడ్చుకుంటారు, ఆ పేరుతో వెక్కిరింపులు కూడా ఉన్నాయి. ఆ వెక్కిరింపులను చూసి అక్కడి సైకియాట్రిస్టుల అనుభవాన్ని వదులుకోకండి. అయితే మీ అమ్మాయి విషయంలో ఒంటి పరిస్థితి ముందు చూడాలి కాబట్టి, అన్ని విభాగాలూ ఉన్న జనరల్ ఆసుపత్రిలో మొదలుపెట్టడమే నా సలహా.

ప్రైవేటులో అయితే వెళ్లే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. ఇలాంటి పిల్లలను ఇంతకు ముందు చూశారా, తల్లిదండ్రులను చికిత్సలో కలుపుకుంటారా, నాడి, బరువు, లవణాలు వారం వారం ఎవరు చూస్తారు. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఇంకో చోటు చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉండాలి, నిస్సంకోచంగా అడగండి. డైటీషియన్ విషయంలో పేరు పక్కన ఆర్.డి. (రిజిస్టర్డ్ డైటీషియన్) అన్న అర్హత ఉందేమో చూడండి. నాలుగు వారాల కోర్సు చేసి న్యూట్రిషన్ కోచ్ అని బోర్డు పెట్టుకున్నవారు ప్రతి కాలనీలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి తెలిసింది బరువు తగ్గించడమే, మీ పిల్లకు అది విషం. అలాగే లావు కావడానికి మందు అని పొట్లాలు కట్టి ఇచ్చేవారి జోలికి వెళ్లకండి, వాటిలో స్టెరాయిడ్లు కలుపుతుంటారు. ఆకలి పెంచే సిరప్ వల్లా ఉపయోగం లేదు. ఆకలి లేక కాదమ్మా ఆ పిల్ల తినకపోవడం. కడుపు మండిపోతున్నా భయంతో తినలేకపోతోంది.

ఆ భయాన్ని పిల్లలు మాటల్లో చెప్పరు. లావైపోతానేమోనని భయంగా ఉంది అని మీ అమ్మాయి అనడం లేదు కాబట్టి ఇది ఈ జబ్బు కాదేమో అని మీరు రాశారు. ఆసియా దేశాల్లో చాలామంది ఆ మాట అనరు. కడుపు నిండుగా ఉందనో, తిండి సయించడం లేదనో అంటారు. 1990లలో హాంకాంగ్‌లో చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా నమోదైంది. పైగా గ్యాస్ అని చెప్పడం పచ్చి అబద్ధం కూడా కాదు. తిండి తగ్గిపోతే జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం తగ్గిపోతుంది, నాలుగు ముద్దలకే పొట్ట బిగదీసినట్లు ఉంటుంది. దానికి మందు మళ్లీ క్రమంగా తినడమే. ఉబ్బరం తగ్గాక తింటానంటే ఆ రోజు రాదు. జ్వరానికి లంఖణం పరమౌషధమని పెద్దవాళ్లు అంటారు గానీ ఈ జబ్బులో లంఖణమే రోగం.

మీ వారికి ఒక సంగతి చదివి వినిపించండి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకుని, దాదాపు ఆరు నెలలు చాలీచాలని తిండి పెట్టి చూశారు. యుద్ధంలో ఆకలికి మలమల మాడిన జనానికి తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. వాళ్లంతా ఇష్టపడి వచ్చిన దృఢమైన కుర్రాళ్లు. వారాలు గడిచేసరికి రోజంతా తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు, ఉన్న కాస్త తిండినీ చిన్న చిన్న ముక్కలు చేసుకుని గంటల తరబడి తిన్నారు, ఎండాకాలంలో చలి అన్నారు, చీటికీ మాటికీ విసుక్కున్నారు, దిగులుతో స్నేహితులకు దూరమయ్యారు. తిరిగి తిండి పెట్టాక కూడా మనుషులు మామూలు కావడానికి నెలలు పట్టింది. మీ అమ్మాయి యూట్యూబ్‌లో వంటల వీడియోలే చూస్తూ ఉంటుందని, మే నెలలో స్వెట్టర్ వేసుకుందని, ముట్టుకుంటే మండిపడుతుందని మీరు రాశారు. మొండితనమని మీ వారు అంటున్నదాంట్లో చాలా భాగం ఆకలి మెదడు మీద చేసే పని. రెండు తగిలిస్తే దారికొస్తుందనే మాట ఇంట్లో ఇక వినపడకూడదు. దెబ్బకు ఈ జబ్బు లొంగదు, ఇంకా లోపలికి దాక్కుంటుంది.

పీసీఓడీ గురించి నాకు చాలా బాధగా ఉంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లకు స్కాన్ రిపోర్టు చేతిలో పెట్టి, బరువు తగ్గు అని ఒక్క మాట అని పంపేస్తే, ఆ పిల్ల ఆ మాటను ఎక్కడి దాకా తీసుకెళ్తుందో ఎవరూ చూడటం లేదు. ఈ జబ్బుతో నా దగ్గరకు వచ్చిన పిల్లల కథల్లో ఈ మొదటి మలుపు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఇప్పుడు నెలసరి ఆగింది పీసీఓడీ వల్ల కాకపోవచ్చు, తిండి చాలక శరీరం ఆ పనిని ఆపేసి ఉండవచ్చు. నెలసరి రావడానికి హార్మోన్ మాత్రలు ఇస్తే రక్తస్రావం కనిపిస్తుంది, దాన్ని చూసి బాగైపోయిందనుకుంటాం. లోపల ఎముకలు పలచబడుతూనే ఉంటాయి. ఒంటికి చాలినంత తిండి అంది, అండాశయాలు వాటంతట అవి పని మొదలుపెట్టినప్పుడే కోలుకున్నట్లు. మీ గైనకాలజిస్టుకు ఈ విషయం కూడా కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇక చికిత్స ఎలా ఉంటుందో చెబుతాను. తల్లిదండ్రుల దగ్గర ఉండే టీనేజీ పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ ఆధారాలున్న పద్ధతి కుటుంబ ఆధారిత చికిత్స. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది. మొదట తిండి బాధ్యత పూర్తిగా తల్లిదండ్రులు తీసుకుంటారు, ఆరోగ్యం పుంజుకుంటున్న కొద్దీ ఆ బాధ్యతను మెల్లగా పిల్లకు అప్పగిస్తారు, చివరగా ఆ వయసు పిల్లలకు ఉండే మామూలు విషయాల మీద మాట్లాడతారు. పెద్దవారికి సీబీటీ-ఈ అనే మాటల చికిత్స ఉంది, ఆక్స్‌ఫర్డ్‌లో తయారైంది. బరువు మరీ తక్కువ లేనివారికి సుమారు 20 సెషన్లు, చిక్కిపోయినవారికి సుమారు 40. మీ అమ్మాయి వయసు ఈ రెండింటి మధ్యలో ఉంది. ఇంట్లో ఉంచుకుని చూసుకోగలిగితే మొదటి పద్ధతి దారిలోనే వెళ్లమంటాను. మందుల విషయానికి వస్తే, తిని వాంతి చేసుకునే బులీమియాలో ఫ్లూయాక్సెటీన్ పనికొస్తుంది. అనొరెక్సియాను నయం చేసే మాత్ర ఏదీ లేదు, అక్కడ మందు తిండే. వెంట దిగులు, ఆందోళన ఉంటే వాటికి సైకియాట్రిస్టు మందులు రాస్తారు. అవి వాడటానికి భయపడకండి.

భోజనం దగ్గర ఏం జరుగుతుందో మీకు నా కన్నా బాగా తెలుసు. ప్లేటులో రెండు ఇడ్లీలు పెడతారు. పిల్ల ఇడ్లీని గోరంత ముక్కలుగా తుంచుతుంది. చట్నీలో నూనె తేలుతోందని పక్కకు జరుపుతుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఎంతకీ మింగదు. ఒక ముక్క ఒళ్లోని చున్నీలోకి జారిపోతుంది. మీకు కోపం, ఏడుపు కలిసి వస్తాయి. అప్పుడు చేయవలసింది చెప్పడం తేలిక, చేయడం కష్టం. పక్కన కూర్చోండి, మీ ప్లేటు మీరూ పెట్టుకోండి. ఇంకో ముక్క తిను తల్లీ, నేనిక్కడే ఉన్నాను అని నెమ్మదిగా అంటూ ఉండండి. ఇడ్లీలో ఏముంది, నూనె ఎంత పోశావు అన్న వాదనలోకి దిగకండి, ఆ వాదనలో జబ్బే గెలుస్తుంది. ఏం వండాలి, ఎంత పెట్టాలి అన్నది మీరు, డైటీషియన్ నిర్ణయిస్తారు, పిల్ల వంటింట్లోకి రాకూడదు. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, గడియారం ప్రకారం. పప్పులో నెయ్యి, ఇడ్లీతో పల్లీ చట్నీ, పెరుగన్నం, పాలు, గుడ్డు, అన్నీ మన ఇళ్లలో ఉన్నవే. డబ్బాల పొడులు కొనవలసిన అవసరం సాధారణంగా రాదు. తిన్న తర్వాత గంటసేపు ఒంటరిగా వదలకండి. పేకాటో, అష్టాచెమ్మో, సీరియలో ఏదో ఒకటి పెట్టుకోండి. బాత్రూంకు తినక ముందే వెళ్లి రమ్మనండి. ఒకవేళ వాంతి అయితే తిట్టకండి, నోరు నీళ్లతో పుక్కిలించమనండి. వెంటనే బ్రష్ చేస్తే ఆమ్లంతో మెత్తబడిన పళ్ల పైపొర ఇంకా అరిగిపోతుంది. తర్వాతి పూట మళ్లీ గడియారం ప్రకారమే పెట్టండి.

బరువు చూసే మిషను ఇంట్లో ఉంటే తీసేయండి. బరువు ఆసుపత్రిలోనే చూస్తారు. బంధువులకు ముందే ఫోన్ చేసి, అమ్మాయి ఒంటి గురించి ఒక్క మాట కూడా అనవద్దని చెప్పండి. చిక్కిపోయావేమే అన్నా, ఇప్పుడు మొహం కళగా ఉందే అన్నా ఇబ్బందే. రెండో మాట మనకు మెచ్చుకోలు, ఆ పిల్లకు లావయ్యావన్నట్లే వినిపిస్తుంది. కోలుకుంటున్న దశలో ఒక పెళ్లిలో విన్న అలాంటి ఒక్క మాటకు పిల్లలు మళ్లీ తిండి ఆపేయడం నేను చూశాను.

శ్రావణ మాసం, కార్తీక సోమవారాలు, శనివారం ఒక్కపొద్దులు జబ్బుకు మంచి సాకులు. దేవుడి పేరు చెబితే ఇంట్లో ఎవరూ కాదనలేరని పిల్లకు తెలుసు. ఒంట్లో బాగాలేనివారికి ఉపవాసం మినహాయింపు అని మన పెద్దలే చెప్పారు, రంజాన్ ఉపవాసాల్లోనూ రోగులకు మినహాయింపు ఉంది. మీ అత్తగారికి ఇక్కడే ఒక పని అప్పగించండి. మనవరాలి మొక్కు తాను తీరుస్తానని, నువ్వు ప్రసాదం తింటే చాలని ఆవిడ చేతే చెప్పించండి. ఆవిడ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దానితో ఎవరికీ నష్టం లేదు, తీసిన తర్వాత అన్నం పెట్టమనండి.

తెలుగులో మాట్లాడేవారు ఎవరని అడిగారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడతారు. రోగే చేయాలని లేదు, తల్లిగా మీరు మీ కోసం చేయవచ్చు. రాత్రి పది గంటలకు అమ్మాయి గది తలుపు వేసుకుని, మీకు చేతులు కాళ్లు ఆడనప్పుడు ఆ నంబరు పనికొస్తుంది. వాళ్లు చికిత్స మొత్తం ఫోన్‌లో చేయరు, దగ్గర్లోని చోటు చెప్పి దారి చూపిస్తారు. చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నవారి మాట వినడానికి సికింద్రాబాద్‌లో రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి పని చేస్తోంది. మీ అమ్మాయిని ఆ విషయం సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని భయపడవద్దు, పుట్టదు. అడిగినందుకు చాలామంది పిల్లలకు గుండె బరువు దిగుతుంది.

చదవడానికి తెలుగులో నమ్మదగినవి చాలా తక్కువ. మీ పెద్దబ్బాయి ఇంగ్లీషు చదువుతాడని రాశారు, అతనికి ఒక పని చెప్పండి. ఫీస్ట్ అని తల్లిదండ్రులు నడుపుకునే అంతర్జాతీయ సంస్థ ఒకటి ఉంది. సరిగ్గా మీలాంటి వారి కోసం రాసిన సమాచారం అక్కడ ఉచితంగా దొరుకుతుంది. బ్రిటన్‌లోని బీట్ అనే సంస్థది కూడా నమ్మదగిన సమాచారం. అకాడమీ ఫర్ ఈటింగ్ డిజార్డర్స్ వారు డాక్టర్ల కోసం ఒక చిన్న వైద్య మార్గదర్శిని ప్రచురించారు. దాన్ని ప్రింటు తీసి ఫిజీషియన్‌కు వినయంగా ఇవ్వండి, మంచి డాక్టరు అయితే తప్పక తిరగేస్తారు. రోజుకు ఒక పేజీ చొప్పున మీ అబ్బాయి మీకు తెలుగులో చదివి చెప్పాలి. ఇంట్లో ఇంకొకరికి ఈ జబ్బు అర్థం కావడం మీకు పెద్ద బలం. అమ్మాయి ఫోనులో 'రోజంతా నేను తిన్నవి', 'పది రోజుల్లో సన్నబడండి' వంటి వీడియోలు వస్తూ ఉంటాయి. లాక్కుంటే రహస్యంగా ఇంకో ఫోను వస్తుంది. సైకాలజిస్టు ఎదుట కూర్చుని, ఇద్దరూ కలిసి ఆ ఖాతాలను తీసేయడం మేలు.

నలుగురికీ తెలుస్తుందన్న భయం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్య వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. అదే చట్టం, శరీర జబ్బులకు ఇచ్చినట్లే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చెబుతోంది. మీ పాలసీ ఉంటే క్లెయిము వేయండి, కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. అమ్మాయికి 18 దాటాయి కాబట్టి ఆమె సమ్మతితోనే చికిత్స మొదలుపెట్టాలి. అయితే తనను తాను చూసుకోలేని స్థితిలో ప్రాణాపాయం ఉంటే, ఒక సైకియాట్రిస్టు, మరో మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు విడివిడిగా పరీక్షించి ఒప్పుకున్నాక, నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిర్ణయాల్లో తోడుండే వ్యక్తి) దరఖాస్తుతో 30 రోజుల దాకా చేర్చుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. అంత దూరం రాకూడదని కోరుకుంటున్నాను, వస్తే దారి ఉందని మాత్రం తెలిసి ఉండాలి. బంధువులకు కడుపు జబ్బుకు వైద్యం జరుగుతోందని చెప్పుకోండి, అది మీ ఇష్టం. పెళ్లి చేస్తే అదే కుదుటపడుతుందన్న మాటను మాత్రం గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. అత్తవారింట్లో కొత్త మనుషుల మధ్య ఈ జబ్బు ముదురుతుంది, ఆ పిల్ల ఒంటరిదైపోతుంది. సంబంధాల మాట కొంతకాలం పక్కన పెట్టండి.

ఇది చదువుతున్న మరికొందరికి ఒక మాట. ఈ జబ్బు సన్నటివారికే వస్తుందనుకోకండి. ఆపుకోలేక చాలా తిని తర్వాత సిగ్గుతో కుమిలిపోయేవారున్నారు. బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ను 2013లో ప్రత్యేక జబ్బుగా గుర్తించారు. వాళ్లు డాక్టరు దగ్గరకు వెళ్తే ఇంకో డైట్ చార్టు చేతిలో పెడతారు. కడుపు మాడ్చుకున్న కొద్దీ ఆ తిండి ఉప్పెన మళ్లీ వస్తుంది. మగపిల్లలకూ వస్తుంది, వాళ్లది జిమ్ములో కండల పేరుతో, ప్రొటీన్ డబ్బాల పేరుతో మొదలవుతుంది కాబట్టి ఇంట్లో మెచ్చుకుంటారు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు బరువు తగ్గాలని ఇన్సులిన్ మానేస్తున్నారంటే అది అత్యవసర పరిస్థితి. వీరందరికీ పైన చెప్పిన చోట్లే వర్తిస్తాయి.

అమ్మా, చివరగా హాస్టల్ సంగతి. వారాంతంలో ఇంటికి తెచ్చి తినిపించి ఆదివారం సాయంత్రం దింపి వస్తే ఈ వైద్యం సాగదు. డాక్టరు దగ్గర మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని కాలేజీలో సెలవుకు దరఖాస్తు పెట్టండి. హాజరు తక్కువైతే వైద్య కారణం మీద మినహాయింపు ఎంతవరకు ఇస్తారో పరీక్షల విభాగంలో ముందే కనుక్కోండి. ఒక సెమిస్టర్ పోయినా పోనివ్వండి. మీ వారు ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి భోజనం దగ్గర ఆయనను కూర్చోబెట్టి, మీరు కాసేపు మేడ మీదకు వెళ్లి రండి. మధ్యాహ్నం పూట మీ చెల్లెలో, నమ్మకమైన పొరుగావిడో రాగలిగితే వారంలో రెండు రోజులు వారికి అప్పగించండి. ఇది నెలల పని, ఒక్కరే మోయలేరు. రేపు పొద్దున ఫిజీషియన్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫరస్, పడుకున్నప్పటి నాడి, నిలబడినప్పటి నాడి రాసి పంపితే తిండి ఎంతతో మొదలుపెట్టాలన్నదాని గురించి మీ డాక్టరును ఏమేం అడగాలో నేను రాస్తాను.